ఏ చేలో ఏ పంట, ఏ యంత్రంలో ఏ పని

నందిగామ, జగ్గయ్యపేట, వీరులపాడు వైపు రైతు తన పొలం గురించి చెప్పేటప్పుడు ఎకరాల లెక్కతో ఆగడు. నల్లరేగడో ఎర్రచెలకో చెబుతాడు. ఆ వెంటనే కాలువ కింద అది మాగాణో ఆరుతడో చెబుతాడు. మొదటి మాట నేల పుట్టుకది. రెండోది నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చినప్పుడు ప్రభుత్వం ఆ సర్వే నంబరు మీద వేసిన ముద్ర. ఈ రెండింటికీ ఎక్కడ పొసిగింది, ఎక్కడ చెడింది అన్నదే పాత కృష్ణా జిల్లా పడమటి మెట్టలో కాలువ కింది సాగు కథలో సగం. ఇదే లెక్క వేల కంప్యూటర్లున్న డేటా సెంటర్లలో మరో రూపంలో నడుస్తోంది. అక్కడ నేలలకు బదులు రకరకాల ప్రాసెసర్లు, పంటలకు బదులు కంటెయినర్లలో కట్టిన ప్రోగ్రాములు ఉంటాయి. ఏ ప్రోగ్రామును ఏ యంత్రం మీద నడపాలో ఇప్పుడు మనిషి చెప్పడు, షెడ్యూలర్ అనే మరో ప్రోగ్రాము తేలుస్తుంది. దీన్ని యంత్రాల తెలివికి నిదర్శనంగా చెప్పుకోవడం మామూలైపోయింది. చరిత్ర చూస్తే తెలివి వాటా తక్కువ, రాతకోతల వాటా ఎక్కువ. చోటు గుణమూ పని అవసరమూ ఒకే భాషలో నమోదయ్యాకే ఈ కేటాయింపు యంత్రానికి అప్పగించగలిగాం. ఆ నమోదు ఎక్కడ అబద్ధమాడిందో అక్కడే అది బోల్తా పడింది, కాలువ కిందా, కంప్యూటర్లలోనూ.

ముందు కాలువ సంగతి. 1952లో ఖోస్లా కమిటీ నందికొండ దగ్గర, అంటే ఇప్పటి నాగార్జునసాగర్ చోట, ఆనకట్టకు మొగ్గు చూపడం వెనక జగ్గయ్యపేట పక్కనున్న ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ పట్టుదల ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ కాలువలకు నీరు వదిలారు. తర్వాత లాల్‌బహదూర్ కాలువ అని పేరు పెట్టిన ఎడమ కాలువ నల్గొండ దాటి, ఖమ్మంలో పాలేరు జలాశయంలో ఊపిరి తీసుకుని, ఆఖరున కృష్ణా మెట్టకు చేరుతుంది. దాని వాటా 132 టీఎంసీలు, కింద ఉన్నది సుమారు పది లక్షల ఎకరాలు. అంత భూమికీ వరి పెట్టేంత నీరు అందులో లేదని కాగితం మీద గీతలు గీసిన రోజే ఇంజనీర్లకు తెలుసు. అందుకే లోకలైజేషన్ అనే పద్ధతి పెట్టారు. సర్వే నంబర్ల వారీగా కొంత భూమిని మాగాణిగా, అంటే వరికి, మిగతాదాన్ని ఆరుతడిగా, అంటే పత్తి, మిరప, జొన్న లాంటి పంటలకు కేటాయించారు. పంట ఎంత నీరు తాగుతుంది, నేల ఎంత పట్టి ఉంచుతుంది, తూము ఎంత మోస్తుంది అన్న మూడు లెక్కలు దీని వెనక ఉన్నాయి. రేగడి తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి నాలుగు తడులతో పత్తి పండుతుంది. అదే రేగడిలో నీరు నిలగడితే చౌడు తేలే భయం ఉంటుంది. ఊరూరా మొక్కుబడిగా పంచిపెట్టడం కంటే ఇది ఎంతో ముందుచూపున్న ఆలోచన. లేబుల్ అన్న మాట అప్పుడు ఎవరూ వాడకపోయినా, ప్రతి పొలానికీ ఒక లేబుల్ అంటించి, ఆ లేబుల్‌ను బట్టి పంటను పంపాలన్న పథకమిది.

పథకం కాగితం మీద ఎంత బాగుందో కాలువ గట్టు మీద అంత నడవలేదు. ఎగువ రైతుకు తూము పక్కనే ఉంది, వరికి గిట్టుబాటూ ఉంది, కనుక ఆరుతడి అని రాసి ఉన్న భూమిలోనూ వరి దిగింది. ఎగువన ఒక ఎకరం అదనపు వరి తాగిన నీరు దిగువన రెండు మూడు ఎకరాల ఆరుతడికి రాకుండా పోతుంది. ఆ దెబ్బ తగిలేది మూడో జోన్‌కు, అంటే కాలువ చివరి భాగానికి, మన కృష్ణా మెట్టకు. కాలువ కాపలా చూసే లస్కరు తూముకు తాళం వేయగలడు కానీ ఊరంతా వచ్చి తూము దగ్గర నిలబడితే తాళం ఏం చేస్తుంది? ఇక్కడ తప్పు రైతు దురాశ అని తేల్చేసి చేతులు దులుపుకోవడం సులువు. నాకు కనిపించే లోపాలు వేరే. లేబుల్ ఒక్కసారే రాశారు, నేల వాడకం మారినా తిరగరాయలేదు. లేబుల్‌కూ తూముకూ సంబంధం పెట్టలేదు, ఆరుతడి అని రాసిన పొలానికి వరికి సరిపడా నీరు పారడాన్ని ఏ పరికరమూ అడ్డుకోలేదు. పైగా ఏ పొలంలో ఏం పండిందో చెప్పవలసిన అడంగల్ చాలాచోట్ల చేను చూడకుండానే నిండింది. 1984లో కరణాల వ్యవస్థ పోయింది, కంప్యూటర్ వచ్చింది, అడంగల్ మీభూమి పోర్టల్‌లోకి ఎక్కింది, ఈ-పంట నమోదూ వచ్చింది. గడిలో రాసే మాటకూ చేలో నిలబడ్డ పైరుకూ మధ్య దూరం అంత వేగంగా తగ్గలేదు. 1997లో రైతుల సాగునీటి యాజమాన్య చట్టం తెచ్చి పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. తూము మీద అజమాయిషీ రైతుకే ఇవ్వాలన్న ఉద్దేశం మంచిది. తమ కాలువలో ఎంత నీరు వచ్చిందో కొలిచే సాధనం లేని సంఘం మాత్రం పంచాయితీ పెట్టగలదు గానీ పంపకం చేయలేదు.

ఇక కంప్యూటర్ల వైపు. ఒకే చోట రకరకాల యంత్రాలు ఉండటం కొత్త తలనొప్పి ఏమీ కాదు. 1964 ఏప్రిల్‌లో ఐబీఎం తన సిస్టమ్/360 కుటుంబాన్ని ప్రకటించింది దీని కోసమే. అప్పటిదాకా ఒక యంత్రానికి రాసిన ప్రోగ్రాము మరో యంత్రంలో నడిచేది కాదు, పెద్ద యంత్రం కొంటే అన్నీ తిరగరాసుకోవాలి. చిన్నదానికీ పెద్దదానికీ ఒకే ఆదేశాల భాష ఇచ్చి ఐబీఎం ఆ బాధ తీర్చింది. నేలలన్నిటినీ ఒకే రకం చేయడం లాంటి పరిష్కారం ఇది. దానితోపాటే వచ్చిన మరో సంగతికి తగినంత పేరు రాలేదు. ఆ యంత్రాలకు పని అప్పగించే కార్డుల మీద ఈ పనికి ఇంత మెమరీ కావాలి, ఇన్ని టేపు డ్రైవులు కావాలి అని ముందే రాసి ఇవ్వాలి. పని తన అవసరాన్ని రాతపూర్వకంగా చెప్పుకోవడం అక్కడ మామూలైంది. యంత్రం గుణాలు మాత్రం ఇంకా ఆపరేటర్ బుర్రలోనే ఉన్నాయి.

మన దగ్గర ఆ బుర్రల మీద పడిన భారం మరీ ఎక్కువ. 1967లో హైదరాబాద్‌లో అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో పుట్టిన ఈసీఐఎల్ టీడీసీ వరుస కంప్యూటర్లు తయారుచేసింది. విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం పెట్టిన వాటా పరిమితికి ఒప్పుకోక ఐబీఎం 1978లో దేశం విడిచింది. దేశంలో ఉన్న సుమారు 800 ఐబీఎం కేంద్రాల బాగోగులు ప్రభుత్వ సంస్థ సీఎంసీ మీద పడ్డాయి. ఒకే కార్యాలయంలో ఐబీఎం పాతది, ఈసీఐఎల్ కొత్తది, విదేశాల నుంచి తెచ్చిన మరొకటి ఉంటే ఏ లెక్క ఎక్కడ వేయాలో ఎవరు చెప్పాలి? ఏళ్ల తరబడి వాటితో కాపురం చేసిన ఆపరేటరే. ఆయన సెలవు పెడితే పని ఆగేది. ఆ పనితనాన్ని తక్కువ చేయాలని కాదు గానీ, దాన్ని యంత్రానికి నేర్పలేకపోవడానికి కారణం స్పష్టంగానే ఉంది. ఆయనకు తెలిసినదంతా ఎక్కడా రాసి లేదు.

కేటాయింపు ఇంకా మనిషి చేతిలోనే ఉండిపోయిందనడానికి రైల్వే రిజర్వేషన్ మరింత గట్టి సాక్ష్యం. సికింద్రాబాద్‌లో పరిశోధన విభాగం ఉన్న సీఎంసీ 1980ల మధ్యలో ఇంప్రెస్ అనే పద్ధతిని ఢిల్లీలో మొదలుపెట్టింది. తర్వాత ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ ఐదు కేంద్రాలయ్యాయి. ఒక ప్రాంతపు రైళ్ల సీట్లు ఆ ప్రాంతపు కంప్యూటర్‌లోనే ఉంటాయి. అంటే ఏ పని ఏ యంత్రంలో నడవాలన్నది భూగోళమే తేల్చింది, అదీ ఒక్కసారే తేల్చింది. రైల్వేల సొంత సంస్థ క్రిస్ తయారుచేసిన కాన్సర్ట్ 1994 సెప్టెంబరులో మొట్టమొదట సికింద్రాబాద్‌లోనే మొదలై, 1999 కల్లా ఐదింటినీ కలిపింది. విజయవాడ కౌంటర్లో నిలబడ్డ మనిషికి ఏ రైలు సీటైనా దొరికే రోజు వచ్చింది. ప్రశ్న ఏ యంత్రానికి వెళ్లాలో పద్ధతికి తెలిసింది, సరే. సీట్ల లెక్క మాత్రం ఎక్కడిది అక్కడే ఉండిపోయింది. పని కదలలేదు, కబురే కదిలింది. అది లోపమని నేననను. యంత్రాలు ఐదే ఉన్నప్పుడు, పని స్వభావం ముందే తెలిసినప్పుడు చేతి కేటాయింపును మించింది లేదు. ఐదు ఐదువేలైనప్పుడు వచ్చే చిక్కు వేరు.

ఆ చిక్కుకు మొదటి సరైన మాట పలికింది అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం. 1988 నుంచి అక్కడ మిరాన్ లివ్నీ బృందం కాండార్ అనే పద్ధతిని పెంచింది. ఎవరూ వాడని సమయంలో రకరకాల కంప్యూటర్లను వెతికి పని పంపడం దాని ఉద్దేశం. 1998లో రాజేష్ రామన్, లివ్నీ, మార్విన్ సాలమన్ ప్రచురించిన పరిశోధనలో ఆ పద్ధతికి పెట్టిన పేరు పెళ్లిసంబంధాలు కుదర్చడమే. యంత్రం తన గుణాలు, తన షరతులు చెబుతూ ఒక ప్రకటన ఇస్తుంది, పని తన అవసరాలు చెబుతూ ఇంకో ప్రకటన ఇస్తుంది. నడుమ ఉన్న పేరయ్య రెండింటినీ కలిపి చూసి కుదిరితే కబురు పెడతాడు. పేరయ్యకు ఇరుపక్షాల మీదా అభిప్రాయం ఉండనక్కరలేదు, జాతకాలు నిజమైతే చాలు. వెనక్కి తిరిగి చూస్తే అసలు మలుపు ఇక్కడే ఉంది. ఇంకా పెద్ద స్థాయిలో గూగుల్ తనకోసం బోర్గ్ అనే కేటాయింపు పద్ధతిని కట్టుకుంది. 2015లో దాని వివరాలు బయటపెట్టినప్పుడు ఒక్కో గుంపులో మధ్యస్థంగా పది వేల యంత్రాలు ఉన్నాయని, అవి పరిమాణంలో, ప్రాసెసర్‌లో, సదుపాయాల్లో రకరకాలని రాసింది. 2013లో డాకర్ అనే సాధనం వచ్చి ప్రోగ్రామును దాని సరంజామాతో సహా కంటెయినర్‌గా మూటగట్టడం ఇంటింటి విద్య చేసింది. బోర్గ్ అనుభవంతో గూగుల్ ఇంజనీర్లు 2014 జూన్‌లో కుబర్నెటీస్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చారు. దాని షెడ్యూలర్ చేసేది చెప్పుకుంటే సాదాసీదాగా ఉంటుంది. ప్రతి యంత్రానికీ, అంటే నోడ్‌కు, లేబుళ్లుంటాయి: ప్రాసెసర్ ఏ రకం, జీపీయూ ఉందా, ఏ గదిలో ఉంది. పాడ్ అనే పని మూట తనకెంత ప్రాసెసర్, ఎంత మెమరీ కావాలో, ఎలాంటి నోడ్ కావాలో రాసుకొస్తుంది. షెడ్యూలర్ ముందు పనికిరాని నోడ్లను జల్లెడ పడుతుంది, మిగిలినవాటికి మార్కులు వేస్తుంది, ఎక్కువ వచ్చినదానికి పని కట్టబెడుతుంది. కొన్ని నోడ్ల మీద ఇక్కడికి అందరూ రాకూడదు అన్న ముద్ర కూడా వేయవచ్చు. ఖరీదైన జీపీయూ యంత్రాల్లోకి మామూలు పని చొరబడకుండా ఆపేది ఆ ముద్రే. సాగర్ లోకలైజేషన్‌లో లేనిది ఇదే, లేబుల్‌తోపాటు తాళం.

యంత్రాలన్నీ ఒకే రకానివి కొంటే ఈ గొడవంతా ఎందుకు అని అడిగేవారున్నారు. ఐబీఎం 1964లో నమ్మింది ఆ దారినే. అయినా డేటా సెంటర్ పెరుగుతున్న కొద్దీ ఈ ఏడాది కొన్నది, మూడేళ్ల కింద కొన్నది పక్కపక్కనే ఉంటాయి. కరెంటు ఖర్చు తగ్గించుకోవడానికి ఆర్మ్ ప్రాసెసర్లు సర్వర్లలోకి వచ్చాయి. అమెజాన్ 2018లో తన సొంత ఆర్మ్ చిప్ గ్రావిటాన్‌ను ప్రకటించింది. కృత్రిమ మేధ పనులకు జీపీయూలు, గూగుల్ సొంత టీపీయూలు కావాలి. హైదరాబాద్‌లో అమెజాన్ 2022 నవంబరులో తన క్లౌడ్ కేంద్రాన్ని మొదలుపెట్టింది, విశాఖలో గూగుల్ 2025 అక్టోబరులో భారీ పెట్టుబడి ప్రకటించింది. ఈ కేంద్రాల్లో ఒకే నేల ఉంటుందని ఎవరూ అనుకోనక్కరలేదు. మిశ్రమంతో వచ్చే అసలు ప్రమాదం ఏమిటంటే, ఇంటెల్ తరహా ఎక్స్86 ప్రాసెసర్‌కు కట్టిన కంటెయినర్ మూటను, అంటే ఇమేజ్‌ను, ఆర్మ్ నోడ్ మీద పెడితే అది మొదటి అడుగులోనే కూలుతుంది. కుబర్నెటీస్ మామూలు షెడ్యూలర్ నోడ్ లేబుల్ చూస్తుంది గానీ, ఇమేజ్ లోపల ఏ ప్రాసెసర్‌కు కట్టారో తెరిచి చూడదు. మనిషి రాయడం మరిచిపోతే తప్పు చేలో తప్పు విత్తనమే. రెడ్ హ్యాట్ కుబర్నెటీస్ మీద కట్టిన తన ఓపెన్‌షిఫ్ట్‌కు తయారుచేసిన మల్టీఆర్చ్ ట్యూనింగ్ ఆపరేటర్ ఈ ఖాళీని పూడుస్తుంది. కొత్త పాడ్ రాగానే దాన్ని గేటు దగ్గర ఆపుతుంది, అందులోని ఇమేజ్‌ల పట్టీ చదివి అవి ఏ ఏ ప్రాసెసర్లకు ఉన్నాయో తెలుసుకుంటుంది, ఆ షరతును పాడ్ మీద తానే రాసి గేటు తెరుస్తుంది. గమనించండి, ఇందులో ఊహ ఏమీ లేదు. మనిషి రాయవలసిన ఒక గడిని సరుకు చూసి నింపడమే అది చేసింది. కరణం చేను చూసి అడంగల్ రాయడం అంటే ఇదే.

పోలిక మరీ సాగదీశానని ఒక అభ్యంతరం రావచ్చు. రైతుకు ఆశ ఉంది, అప్పు ఉంది, ధర చూసుకునే తెలివి ఉంది, కనుక ముద్రను దాటాడు, ప్రోగ్రాముకు అవేమీ లేవు కదా అంటారు. ప్రోగ్రాముకు లేకపోవచ్చు, రాసినవాడికి ఉన్నాయి. తన పని మధ్యలో ఆగకూడదన్న భయంతో ప్రతి ఇంజనీరూ అవసరానికి మించి అడుగుతాడు, అడిగింది దాచుకుంటాడు. బోర్గ్‌లో మధ్యస్థ గుంపులో దాదాపు 20 శాతం పని ఇతరులు అడిగి వాడని మిగులు మీదే నడుస్తోందని గూగుల్ లెక్క తేల్చింది. అదే గూగుల్ 2020లో బయటపెట్టిన ఆటోపైలట్ పరిశోధన మరీ సూటిగా చెప్పింది: మనుషులు చేత్తో పరిమితులు పెట్టిన పనుల్లో 46 శాతం వాడకుండా మిగులుతుంటే, వాడకాన్ని కొలిచి యంత్రమే పరిమితులు దిద్దిన పనుల్లో మిగులు 23 శాతానికి దిగింది. ఎగువ రైతూ డేటా సెంటర్ ఇంజనీరూ అన్నదమ్ములే. తేడా ఒక్కటి, రెండోచోట ప్రతి యంత్రంలో కొలత ఉంది. ఆరుతడి పొలానికి వెళ్లే పిల్లకాలువలో అది లేదు. నీతులు చెప్పి నిలువరించలేనిదాన్ని మీటరు కొంతవరకు నిలువరిస్తుందని ఈ అంకెలు చెబుతున్నాయి.

ఇంకో అభ్యంతరానికి మాత్రం నేను తల వంచుతాను. ఈ కేటాయింపు అత్యుత్తమమని హామీ ఏమిటి? హామీ లేదు. కాలువలకు నీరు వదలడానికి ఒక ఏడాది ముందు, 1966లో, బెల్ ల్యాబ్స్ గణితవేత్త రొనాల్డ్ గ్రాహమ్ ఒక వింత నిరూపించాడు. వరుసలో ఉన్న పనులను ఖాళీ అయిన యంత్రానికి ఇచ్చుకుంటూ పోయే పద్ధతిలో యంత్రాల సంఖ్య పెంచినా, పనులను కుదించినా కొన్నిసార్లు మొత్తం సమయం పెరుగుతుంది. అయితే అదే పనులను అదే యంత్రాల మీద ఎంత బాగా సర్దినా, ఆ అత్యుత్తమ సమయానికి ఈ పద్ధతి రెండింతలను మించదని కూడా ఆయనే చూపాడు. కచ్చితమైన సమాధానం వెతకబోతే పెద్ద గుంపుల్లో జీవితకాలం చాలదు. అందుకే షెడ్యూలర్లు జల్లెడతో, మార్కులతో సరిపెట్టుకుంటాయి. ఆ మార్కులు ఎవరు ఎలా పెట్టారన్నది వాడుకరికి కనిపించదు, మార్కులు మారితే ఎవరి పని వెనకబడుతుందో కూడా కనిపించదు. లస్కరునైతే గట్టు మీద నిలబెట్టి అడగవచ్చు. పాత పద్ధతికున్న ఈ ఒక్క మంచి గుణాన్ని కొత్తది పూర్తిగా నిలబెట్టుకోలేదు.

పూర్తిగా పోగొట్టుకోనూ లేదు. తగిన నోడ్ దొరకనప్పుడు కుబర్నెటీస్ పాడ్‌ను ఎక్కడో ఒకచోట కుక్కేయదు. పెండింగ్ అని రాసి ఆపుతుంది, పక్కనే కారణమూ రాస్తుంది: ఇన్ని నోడ్లలో ఇన్నింటికి మెమరీ చాలలేదు, ఇన్నింటి ప్రాసెసర్ సరిపడలేదు, ఇన్నింటి మీద ప్రవేశం లేదన్న ముద్ర ఉంది. ఎడమ కాలువ చివరి భూముల్లో జరిగింది దీనికి తలకిందులు. నీరు వస్తుందో రాదో చెప్పే కాగితం లేకుండానే నారు పోశారు, విత్తారు, ఎండాక కారణం వెతుక్కున్నారు. 2014 తర్వాత కాలువ పైభాగం తెలంగాణలో, చివర ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, పంపకం కృష్ణా నదీ యాజమాన్య బోర్డు దాకా వెళుతుంది. ఇకనైనా జలవనరుల శాఖ ఖరీఫ్‌కు ముందే మూడో జోన్‌లోని ప్రతి తూము దగ్గరా ఒక బోర్డు పెట్టాలి. ఈ తూముకు ఈ సీజన్‌లో ఎన్ని తడులు, ఇవ్వలేకపోతే ఏ కారణంతో, నీరు ఎక్కడ ఆగింది అని దాని మీద రాయాలి. తేదీ వేయాలి, సంతకం పెట్టాలి.